టన్నెల్లో ఏం వెయ్యాలంటే, నేను కొత్తిమీరే అంటాను

పోయిన నెల మా చిన్నాయన కొడుకు ఒక వీడియో పంపాడు. అర ఎకరం పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్డు. లోపల నిలువెత్తు క్యాప్సికం మొక్కలు దారాలు పట్టుకుని పైకి పాకాయి. ఎర్ర కాయలు ఒక వరుస, పసుపు కాయలు ఒక వరుస. ఒక రైతు మైకు ముందు నిలబడి నెలకు లక్ష రూపాయలంటున్నాడు. వీడియో సగం చూసేలోపే ఫోన్ వచ్చింది. "అక్కా, నాకు ఎకరం ఉంది గదా. సగంల ఇది వేస్తే ఎట్లుంటది? లోను నేను తీసుకుంట. నువ్వు పక్కనే ఉంటవ్, జర చూసుకుంటే చాలు."

వాడికి సిటీలో ఉద్యోగం. వాడి ఎకరం మా పొలానికి కిలోమీటరు దూరంలో ఏళ్ళుగా ఖాళీగా పడి ఉంది. ఆ ఖాళీ చూసి వాడికి మనసులో బాధ ఉంది, అది నాకు తెలుసు. అందుకే ఫోన్లో రెండు ముక్కల్లో వద్దని చెప్పలేకపోయాను. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచించిందే ఇక్కడ రాస్తున్నాను. రెండు మూడు ఎకరాల్లో మందులు లేకుండా సాగు చేస్తున్న నా తోటి వాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు: టన్నెల్ (పైపులు విల్లులా వంచి పైన ప్లాస్టిక్ కప్పిన చిన్న పందిరి) వేస్తే అందులో ఏం పండించాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. మన దగ్గర చిన్న రైతుకు టన్నెల్ పనికొస్తుంది. కానీ దాని కింద లెట్యూస్ (సలాడ్ ఆకు), చెర్రీ టమాటో (చిట్టి టమాటా), రంగు క్యాప్సికం లాంటివి వెయ్యాలని రూలేం లేదు. మన వంటింట్లోకి రోజూ వచ్చే ఆకుకూరనే, అది బయట పండని నెలల్లో పండిస్తే చాలు. మే నెలలో కొత్తిమీర, ఆగస్టులో మెంతికూర. నా మటుకు స్పెషల్ పంట అంటే అదే.

మొదటి ఏడాది మేం చేసింది

మాది చేవెళ్ళ వైపు. మూడెకరాల ఎర్ర నేల, ఒక బోరు. ఏడేళ్ళ క్రితం మా ఆయనా నేనూ రెండు టన్నెళ్ళు వేశాం. పాలీహౌస్ అంత ఎత్తు ఉండదు, అంత ఖర్చూ ఉండదు. జీఐ పైపులు (తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప పైపులు) విల్లులా వంచి ఆరడుగులకొకటి పాతి, పైన 200 మైక్రాన్ల యూవీ ఫిల్మ్, అంటే ఎండకి తొందరగా చెడని ప్లాస్టిక్ షీట్, కప్పాం. 12 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. మధ్యలో నిటారుగా నడవొచ్చు. పక్కూరి వెల్డరు పైపులు వంచి ఇచ్చాడు. ఒక్కోదానికి 40 వేలు దాటింది.

అప్పుడు మేం కూడా వీడియోలు చూసే వేశాం. లెట్యూస్, బేసిల్, చెర్రీ టమాటో. సిటీలో ఒక రెస్టారెంట్ వాళ్ళు వారానికి రెండుసార్లు తీసుకుంటామన్నారు. డిసెంబర్, జనవరి బాగానే గడిచాయి. లెట్యూస్ ఆకులు తెల్లవారుజామున కోసి, తడిగుడ్డ కప్పిన డబ్బాల్లో పెట్టి, ఏడింటికల్లా సిటీలో ఇచ్చి వచ్చేవాళ్ళం. పుచ్చుకున్నవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. మాకూ ఉత్సాహంగా ఉండేది.

ఫిబ్రవరి రెండో వారం నుంచి టన్నెల్లో వేడి ముదిరింది. లెట్యూస్ మధ్యలోంచి కాండం లేచింది, ఆకు చేదెక్కింది. బయట ఇంకా చలికాలం పోనట్టే ఉంది, లోపల మాత్రం ఏప్రిల్ వచ్చేసింది. మేమే ప్లాస్టిక్ కప్పి తొందరగా తెచ్చుకున్నాం ఎండని. అదే నెలలో రెస్టారెంట్‌లో మెనూ మారింది. "ఈ వారం వద్దు మేడమ్, పై వారం చెప్తాం" అన్నారు. ఆ పై వారం మళ్ళీ రాలేదు.

చెర్రీ టమాటోలు 18 కిలోలు కోసి ఉన్నాయి. ఊళ్ళో కిరాణా కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టు నడిపే పెద్దావిడ ఒకటి తీసి అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, నా మొహం చూసి, "ఇవి ఎదగలేదా బిడ్డా?" అంది. ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. నిజంగానే అడిగింది. నీళ్ళు సరిపోలేదేమో, ఎరువు తక్కువైందేమోనని ఆవిడ దిగులు. నా దగ్గర చెప్పడానికి మాట లేదు. ఇంటికి తెచ్చి నాలుగు రోజులు పప్పులో వేశాం, మిగిలినవి ఇరుగుపొరుగుకి పంచాం.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. మన చుట్టూ పది మైళ్ళలో ఉన్న మనుషులు గుర్తుపట్టని పంట పండించి, నలభై కిలోమీటర్ల అవతల ఒకే ఒక్క తలుపు దగ్గర నిలబడ్డాం. ఆ తలుపు మూసుకుంటే ఇంకెక్కడికీ వెళ్ళలేం.

కొత్తిమీర మాత్రం ఎవరి ప్లానూ కాదు. ఆ ఏప్రిల్‌లో మా అత్తమ్మ నారు కోసం కట్టిన గ్రీన్ నెట్ కింద ఒక మూల మిగిలి ఉంటే, ధనియాలు నలిపి చల్లింది. ఇంటికి సరిపోతే చాలనుకుంది. మే మూడో వారానికి జానెడు ఎత్తు కొత్తిమీర లేచింది. బయట పొలాల్లో ఎక్కడా ఆకు లేదు. వాసన దారిలోకి కొట్టేది. మొదట పక్కింటి వాళ్ళు అడిగారు, తర్వాత వీధి వాళ్ళు, తర్వాత ఊళ్ళో ఫంక్షన్‌కి వంట చేసే ఆయన సైకిల్ మీద వచ్చి "ఎంతుంటే అంత ఇవ్వమ్మా" అన్నాడు. ఎవరికీ ఇదేమిటని చెప్పాల్సిన అవసరం రాలేదు.

చలి దేశపు దుప్పటి, మన గొడుగు

టన్నెల్ పుట్టింది చలి దేశంలో. అమెరికాలో కెంటకీ యూనివర్సిటీలో పనిచేసిన ఎమరీ ఎమర్ట్ అనే ప్రొఫెసర్, గాజు కొనే స్తోమత లేక 1948లో ప్లాస్టిక్ షీట్ కప్పి గ్రీన్‌హౌస్ కట్టాడు. అక్కడి నుంచి ఈ దారి మొదలైంది. అదే దేశంలో మెయిన్ రాష్ట్రంలో ఎలియట్ కోల్‌మన్ అనే రైతు, మంచు కురిసే నెలల్లో హీటర్ లేకుండా టన్నెల్లో పాలకూర, క్యారెట్ తీస్తాడు. మన దేశంలోనే లేహ్ చూడండి. నేలలో గుంత తవ్వి పైన ప్లాస్టిక్ పరిచి, చలికాలంలో ఆకుకూరలు పండించుకుంటారు. అక్కడ ప్లాస్టిక్ అంటే దుప్పటి. పగటి ఎండని పట్టి రాత్రికి దాచిపెడుతుంది. ఆ జనానికి అది వరం.

చేవెళ్ళలో మే నెలలో ఎవరికి కావాలి దుప్పటి? రెండో ఏడాది నేను టన్నెల్లో థర్మామీటర్ వేలాడదీశాను. పక్కలు దించి ఉంచిన ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి 52 డిగ్రీలు చూపించింది. బయట 41. లోపల రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. ఫ్యాన్లూ, తడి ప్యాడ్లూ పెట్టి చల్లబరచొచ్చు, నిజమే. కరెంటు బిల్లు కట్టుకోవాలి, కరెంటు పోయిన గంటలో పంట ఉడికిపోకుండా జనరేటర్ పెట్టుకోవాలి. అర ఎకరంలో అదంతా పెడితే, ఇక ఆ ఖర్చు రాబట్టే పంటే వెయ్యాలి. అంటే మళ్ళీ ఆ ఒక్క తలుపు దగ్గరికే.

మనకి కావలసింది గొడుగు. మార్చి నుంచి జూన్ దాకా ఎండ గొడుగు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వాన గొడుగు. పైపులు అవే. ఎండాకాలంలో ఫిల్మ్ లేకుండా 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండని ఆపే వల) వేస్తాం, పక్కలు పూర్తిగా తెరిచి పెడతాం. వానాకాలంలో నెట్ తీసి ఫిల్మ్ కప్పుతాం, పక్కలు నడుము ఎత్తు వరకు చుట్టి కడతాం. చలికాలంలో రెండూ ఉండవు. జనవరిలో కొత్తిమీర ఎవరి పొలంలోనైనా పండుతుంది, కట్ట ఐదు రూపాయలకు కూడా అడిగేవాడు ఉండడు. అప్పుడు టన్నెల్ కింద వేసి ప్రయోజనం లేదు.

ఇదేమీ కొత్త తెలివి కాదు. కడప జిల్లా చెన్నూరు వైపు, గుంటూరు జిల్లా పొన్నూరు వైపు తమలపాకు తోటలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. అవిసె చెట్లు దగ్గర దగ్గరగా పెంచి, వాటికి తీగ పాకించి, ఎండ జల్లెడ పట్టినట్టు పడేలా చేస్తారు. బయట నేల మాడుతుంటే తోటలోకి అడుగు పెట్టగానే ఒళ్ళు చల్లబడుతుంది. అవిసె చెట్టు చేసిన పనినే నా షేడ్ నెట్ చేస్తోంది. నారుమడి మీద కొబ్బరాకులు కప్పే అలవాటు కూడా ఇదే. కాబట్టి నీడలో పంట తియ్యడం మన వాళ్ళకి తెలియని విద్య కాదు. ఎండ పట్టి ఉంచే గదిని మన ఎండల్లో కట్టుకోవడమే మనకు కుదరని విద్య.

లెక్క

తమ్ముడు లెక్కలు అడుగుతాడు కాబట్టి రాస్తున్నాను. ఇది మా టన్నెల్ లెక్క, అందరికీ ఇంతే వస్తుందని అనను.

ఒక టన్నెల్ 720 చదరపు అడుగులు. నడిచే దారి పోను మూడు మడులు. ధనియాలు చెప్పు కింద వేసి మెల్లగా రుద్ది రెండు బద్దలు చేస్తాం. ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, ఆరబెట్టి, వేళ్ళకి అంటకుండా ఉన్నప్పుడు చల్లుతాం. ఎండాకాలంలో మొలక రావడమే గండం. మొదటి పది రోజులు మడి మీద గడ్డి పరిచి, రెయిన్ పైపుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తేమ ఇస్తాం. మొలక తల ఎత్తగానే గడ్డి తీసెయ్యాలి. ఆ తీసే రోజు ఒక్కటి ఆలస్యమైతే మొలకలు తెల్లగా, పొడుగ్గా సాగి పడిపోతాయి. ఈ పని అత్తమ్మ ఎవరికీ అప్పగించదు. పొద్దున్నే చీర కుచ్చిళ్ళు దోపుకుని, గడ్డి కొంచెం పక్కకు జరిపి, వంగి చూసి, "రేపు" అంటుంది. లేదంటే "ఇయ్యాలే" అంటుంది.

రకం విషయంలో కూడా రెండేళ్ళు తడుముకున్నాం. షాపులో దొరికే ధనియాలు వేస్తే ఎండకి తొందరగా పూతకొచ్చేస్తాయి. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వారి అర్క ఇష ఆకు కోసమే తీసిన రకం, పూత ఆలస్యంగా వస్తుంది, ఒకసారి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. మేలో మాకు అదే నిలబడింది. ఆగస్టులో అయితే నాటు రకం వాసనే వేరు, జనం దాన్నే అడుగుతారు.

నలభై రోజులకి ఒక టన్నెల్లో 400 నుంచి 450 కట్టలు వస్తాయి, కట్ట వంద గ్రాముల పైన. మే నెలలో కట్ట 20 రూపాయలకు ఇస్తాం. ఎనిమిది, తొమ్మిది వేలు. విత్తనం, వేప పిండి, కోతకు వచ్చే ఇద్దరు ఆడవాళ్ళ కూలి, సిటీకి ఆటో ఖర్చు అన్నీ పోను ఐదు వేలు దాకా మిగులుతుంది. ఏడాదికి ఇలా ఒక టన్నెల్ నుంచి నాలుగు పంటలు. నెలకు లక్ష ఎక్కడ, నలభై రోజులకి ఐదు వేలు ఎక్కడ అని తమ్ముడు అంటాడు. కానీ ఈ టన్నెల్ ఒక గుంట కూడా లేదు. పెట్టిన 40 వేలు రెండేళ్ళలో తిరిగి వచ్చాయి. ఒక్క రూపాయి లోను లేదు. ఒక పంట పోతే పోయేది ఐదు వేలు. ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఇంకో విషయం, లెక్కలోకి రానిది. మేలో కొత్తిమీర ఇచ్చేవాళ్ళ దగ్గరే జనం మిగతా కూరగాయలూ కొంటారు. మాకు వారానికి 35 ఇళ్ళు ఉన్నాయి, గచ్చిబౌలి, మణికొండ వైపు. ఏప్రిల్, మే నెలల్లో మా పొలంలో బెండ, గోరుచిక్కుడు, దోస తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఆ సంచిలో పైన ఒక కొత్తిమీర కట్ట ఉంటే సంచి నిండినట్టు ఉంటుంది. అది లేని ఏడాది జూన్ కల్లా పదకొండు ఇళ్ళు మానేశాయి. శ్రావణ మాసంలో నీచు మానేసిన ఇళ్ళల్లో కూరగాయలు ఎక్కువ కావాలి, అప్పుడు బయట మెంతికూర వానకు కుళ్ళిపోయి ఉంటుంది. మా దగ్గర ఫిల్మ్ కింద పొడిగా ఉంటుంది. ఇళ్ళ వాళ్ళు మమ్మల్ని గుర్తుపెట్టుకునేది ఆ రెండు కాలాల వల్లే.

ఇంకో వైపు మాట

పాలీహౌస్‌తో బాగుపడినవాళ్ళు లేరని నేను అనను. మాకు తెలిసిన దంపతులు శంకర్‌పల్లి దగ్గర రంగు క్యాప్సికం పండిస్తారు, పిల్లల్ని మంచి చదువులు చదివించారు. కానీ వాళ్ళిద్దరూ పొద్దున ఐదింటికి లోపల ఉంటారు. ఆకు వెనక తామర పురుగు, నల్లి రోజూ వెతుకుతారు. అవసరమైతే మందు కొడతారు, దాచరు. సిటీలో నాలుగు చోట్ల అమ్మకం ఉంది. "మందు లేకుండా చెయ్యొచ్చా?" అని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, "ఒక పంట చెయ్యొచ్చు, రెండో పంటకి భయం" అన్నాడు. ఆ మాటలో నిజాయితీ ఉంది. తమ్ముడు శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవాడు. వాడు పంపిన వీడియోలో ఆ పొద్దుటి ఐదు గంటలు కనబడవు.

తెలంగాణ వచ్చిన కొత్తలో సిటీ చుట్టుపక్కల పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. ఆ రోజుల్లో మా మండలం దారుల్లో తెల్లటి కప్పులు వరసగా లేచాయి. చాలామంది జెర్బెరా వేశారు. జెర్బెరా అందమైన పువ్వు, కానీ దాని బతుకంతా పెళ్ళి పందిట్లో ఉంది. ముహూర్తాలున్న వారం ధర లేస్తుంది. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా, శూన్యమాసం వచ్చినా పడిపోతుంది. మొక్క పంచాంగం చూసుకుని పూయదు కదా. రోజూ కొయ్యాల్సిందే, కోసింది అమ్ముడు పోకపోతే పారెయ్యాల్సిందే. 2020 లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు ఆగిపోయిన వేసవిలో మా దారిలో ఒక పాలీహౌస్ గేటు ముందు ఎరుపు, పసుపు, గులాబీ పూలు నడుమెత్తు కుప్ప పోసి ఉన్నాయి. ఆవులు కూడా వాసన చూసి పక్కకు వెళ్ళిపోయాయి. ఆ రైతు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను బండి ఆపాను, ఆయన్ని ఏమని పలకరించాలో తెలియక మళ్ళీ ముందుకెళ్ళాను. ఇప్పుడు ఆ పాలీహౌస్ చిరిగిన ప్లాస్టిక్ గాలికి కొట్టుకుంటూ ఉంది, లోపల వయ్యారిభామ మొలిచింది.

ఆయన తెలివితక్కువవాడు కాదు, బద్ధకస్తుడూ కాదు. సబ్సిడీ కప్పుకి వచ్చింది. కొనేవాడికి రాలేదు.

మట్టి ఎదురు తిరిగిన సంవత్సరం

నన్ను అందరికన్నా ఎక్కువ మార్చింది మట్టే. మూడో ఏడాది ఒక టన్నెల్లో టమాటా మొక్కలు మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి లేచేవి. నీళ్ళు ఉన్నాయి. ఒక మొక్క పీకి చూశాను. వేళ్ళ నిండా జొన్న గింజలంత బుడిపెలు. కొన్ని ఒకదానికొకటి అతుక్కుని అల్లం కొమ్ములా ఉబ్బాయి. నులిపురుగులు, మా వైపు పాలీహౌస్ రైతులు నెమటోడ్ అనే అంటారు. ఒకే కప్పు కింద, తడి ఆరకుండా, టమాటా మీద టమాటా వేస్తే వాటికి పండగే. మందులు వాడేవాళ్ళు మట్టిని ఫార్మలిన్‌తో తడుపుతారు. నేను ఆ పని చెయ్యలేను, చెయ్యను.

అదే ఏడాది మడుల అంచున తెల్లటి పొర కనబడింది. వేలితో తీసి నాలుకకి అంటించుకున్నాను, ఉప్పగా ఉంది. మా బోరు నీళ్ళు కొంచెం ఉప్పే. బయట పొలంలో వాన పడి ఆ ఉప్పుని కిందికి కడిగేస్తుంది. టన్నెల్ లోపల రెండేళ్ళుగా వాన చుక్క పడలేదు. మేమే ప్లాస్టిక్ కప్పి మట్టికి వానని దూరం చేశాం. చౌడు పొలాలు చూసి పెరిగినదాన్ని, నా చేతులతో నేనే చిన్న చౌడు మడి తయారు చేశానని ఆ రోజు అర్థమైంది.

ఇందాక చెప్పిన కోల్‌మన్ గ్రీన్‌హౌస్‌లని పట్టాల మీద జరుపుతాడు. లోపలి మట్టికి ఎండా వానా తగలాలని ఆయన ఉద్దేశం. నాకు పట్టాలు లేవు కానీ ఫిల్మ్ విప్పే చేతులు ఉన్నాయి. అప్పటి నుంచి రెండు టన్నెళ్ళకి వంతు పెట్టాం. ఒక ఏడాది ఒకటి కొత్తిమీర ఇస్తుంది, రెండోది విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతి టన్నెల్లో ఏప్రిల్ చివర మడులు బాగా తడిపి, అద్దంలా అవతలిది కనబడే పల్చటి పాలిథిన్ నేలకి అంటుకునేలా పరిచి, అంచులు మట్టితో మూసేస్తాం. మే అంతా ఎండ ఆ మట్టిని ఉడికిస్తుంది. మన ఎండని శత్రువులా కాక పనివాడిలా వాడుకున్న చోటు ఇదొక్కటే. జూన్‌లో ఆ పాలిథిన్ తీసేసి, పైన ఏమీ కప్పకుండా రెండు నెలలు వానకి వదిలేస్తాం. తర్వాత వేప పిండి, పశువుల ఎరువు, జీవామృతం. అంచుల వెంట బంతి.

ఇలా చేస్తే మే నెలలో ఒక టన్నెల్ ఆదాయం పోతుంది. ఏడాదికి నాలుగు పంటలన్న లెక్కలోంచి విశ్రాంతి ఏడాదిలో రెండు తగ్గించుకోవాలి. నెలకు లక్ష చెప్పేవాళ్ళు ఈ మూడు నెలల ఎండా వానా ఎక్కడ పెడతారో నాకు అర్థం కాదు. అర ఎకరం పాలీహౌస్ కప్పు ఏటా విప్పి కప్పలేరు. బ్యాంకు వాయిదా మూడు నెలలు ఆగదు. కొత్తిమీర నలభై రోజుల్లో వెళ్ళిపోయే పంట కాబట్టి వేళ్ళ మీద బుడిపెలు ముదిరే తీరిక ఉండదు. మట్టికి విరామం ఇచ్చినా మన ఇల్లు గడుస్తుంది. మందు కొట్టకుండా ఉండాలనుకుంటే పంట చిన్నదిగా, అప్పు లేకుండా ఉండాలని నేను అనేది ఈ కారణంతోనే.

నాకు తేలనివి

ప్లాస్టిక్ సంగతి నన్ను గుచ్చుతూనే ఉంటుంది. మందు వాడనని గొప్పగా చెప్పుకుంటూ నెత్తిన ప్లాస్టిక్ కప్పుకున్నాను. మంచి ఫిల్మ్ మూడు నాలుగేళ్ళు వస్తుంది. మాది మొదటిది రెండో ఏడాది ఏప్రిల్లోనే పోయింది. సాయంత్రం ఈదురుగాలి, వెంటనే వడగళ్ళు. ఫిల్మ్ చివర ఊడి, తెరచాపలా లేచి, పక్క పొలం కంచెకి చుట్టుకుంది. మర్నాడు ఆ ముళ్ళకంచె నుంచి ముక్కలు ఏరుకుంటూ రెండు గంటలు గడిపాం. ఇప్పుడు ఆ నెలల్లో ఫిల్మ్ ఉండదు, నెట్టే ఉంటుంది కాబట్టి ఆ గండం తప్పింది. ఫిల్మ్ కూడా ఏడాదిలో మూడు నెలలే ఎండకి వానకి ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతోంది. అయినా అది ప్లాస్టిక్ కాకుండా పోదు. నెట్ కూడా ప్లాస్టిక్కే. అవిసె నీడలోనే కొత్తిమీర తియ్యొచ్చేమోనని రెండేళ్ళ క్రితం ఒక వరుస అవిసె నాటాను. ఇంకా నీడ చాలడం లేదు.

రెండో సందేహం మా మామయ్యది. "కాలం కాని కాలంలో తినడమెందుకు? మేలో దొరకకపోతే చింతచిగురు తినాలె, పచ్చిమామిడి తినాలె" అంటాడు. ఆయన మాట కొట్టిపారెయ్యలేను. మా ఇంట్లో ఏప్రిల్ అంతా చింతచిగురే. కానీ సిటీలో ఇళ్ళు మేలో కొత్తిమీర ఎలాగూ కొంటాయి. అది ఎక్కడి నుంచో లారీలో ఐసు మీద వస్తుంది, ఏ నీళ్ళతో పెరిగిందో, ఏం కొట్టారో తెలియదు. అది పప్పులో పైన పచ్చిగా చల్లుకుని తినేది. దాని బదులు నాది వెళ్ళడం నయమని నాకు అనిపిస్తుంది. ఈ విషయంలో మామయ్యా నేనూ ఇంకా ఒక మాట మీదికి రాలేదు.

మూడోది, అందరూ మేలో కొత్తిమీర వేస్తే ధర పడిపోదా? పడిపోతుంది. మా వైపు షేడ్ నెట్ కింద వేసేవాళ్ళు ఏటా పెరుగుతున్నారు, ఒక ఏడాది మే చివర కట్ట పది రూపాయలకు ఇచ్చాం. కానీ పది రూపాయలకైనా అమ్ముడుపోయింది. రంగు క్యాప్సికం ధర పడిన రోజున పక్క ఊళ్ళో ఎవరూ సగం ధరకైనా కొనరు. రెండు పడిపోవడాలూ ఒకటి కాదు.

అన్ని పంటలూ కప్పు కింద పెట్టాలని కూడా అనుకోకూడదు. ఒకసారి పండు ఈగ బెడద తట్టుకోలేక బీర తీగని సన్న నెట్‌లో పెట్టాం. ఈగ రాలేదు. తేనెటీగా రాలేదు. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే రెండు వారాలకి గానీ మాకు తట్టలేదు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. అత్తమ్మ, నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, మగ పువ్వు తుంచి, రెక్కలు వెనక్కి మడిచి, ఆ పుప్పొడి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దేవాళ్ళం. పువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటే అది ఆడది. ఒక సాయంత్రానికి నలభై పువ్వులు. కాయలు చక్కగా వచ్చాయి, లేతగా, మచ్చ లేకుండా. "దేవుడు ఈగలకు ఇచ్చిన పని మనం చేస్తున్నం" అంది అత్తమ్మ, లైటు నా చేతికిచ్చి నడుము పట్టుకుంటూ. మరుసటి ఏడాది బీర మళ్ళీ బయట పందిరికెక్కింది.

తమ్ముడికి ఇదంతా ఫోన్లో సగం చెప్పాను. వాడికి కోపం రాలేదు, కానీ ఉత్సాహం తగ్గింది. "మరి నా ఎకరం అట్లనే ఉండాల్నా అక్కా?" అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉండక్కర్లేదు. లోను తియ్యకు, నా దగ్గర పాత పైపులు ఎనిమిది మిగిలి ఉన్నాయి, వెల్డరుతో ఇంకో మూడు వంచిద్దాం, ఒక్క టన్నెల్ వెయ్యి అన్నాను. నెట్ ఖర్చు, పైపుల ఖర్చు నీది, మొదటి విత్తనం నాది. రోజూ తడిపే మనిషిని మాత్రం ముందు చూసుకో, మనిషి దొరక్కపోతే ఈ ఏడాది ఆ ఎకరంలో పచ్చిరొట్ట ఎరువుకి పిల్లి పెసర చల్లి కలియదున్నిద్దాం. వాడు ఇంకా ఏ మాటా చెప్పలేదు.

ఈసారి విశ్రాంతి వంతు రెండో టన్నెల్‌ది. పాలిథిన్ కింద మట్టి నెల రోజులుగా ఉడుకుతోంది, పొద్దున చూస్తే లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. మృగశిర కార్తెకి తీసేస్తాం. తమ్ముడు ఆ ఆదివారం వస్తానన్నాడు, పాలిథిన్ మడత పెట్టడానికి నాలుగు చేతులు కావాలి.